హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు ఎంత దూరమంటే…

హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు విమానంలో ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు అని అడిగారు. గ్లోబు మీద దారం లాగి కొలిస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. దాన్ని విమాన వేగంతో భాగించి పదహారు గంటలని తేల్చేవాళ్ల మాట నమ్మకండి. నేరుగా వెళ్లే విమానమే లేదు. దోహా మీదుగా అయితే అక్కడికి నాలుగున్నర గంటలు, అక్కడి నుంచి పదహారు. ఆ వంపు వల్ల పెరిగే దూరం 1,250 కిలోమీటర్లే. కాలమంతా కరిగిపోయేది నేల మీద!

మాది ఖమ్మం. ఒక నవంబరు చివర్లో అమ్మను అక్క దగ్గరికి తీసుకువెళ్లాను. శుక్రవారం సాయంత్రం ఏడింటికి గడప దాటాం. సాగనంపడానికి వెనక రెండు కార్లు. శంషాబాద్‌లో లోపలికి రానివ్వరని తెలిసీ ఎందుకు వస్తారో! పెట్టె 23 కిలోలు దాటిందని కౌంటర్ ముందే విప్పి, గోంగూర పచ్చడిని రెండో పెట్టెలోకి మార్చాం. ఇంట్లోనే తూకం వేద్దామంటే మా ఇంట్లో ఎవరు వింటారు?

తెల్లవారుజామున నాలుగింటికి విమానం. అప్పటికి శనివారం. అమ్మకు ఒక్కపొద్దు.

దోహాలో రెండో విమానం ఎక్కాక, మన మధ్యాహ్నం వేళకు పులిహోర తింది. ఇక రాత్రికి పండు, పాలే. ఎదుటి తెరలో విమానం గ్రీన్‌లాండ్ వైపు పోతుంటే, "పడమరకు పోకుండా ఉత్తరానికి పోతాడేమిటిరా?" అంది. శాలువా అంచు నుంచి దారం పీకి, సున్నుండ చుట్టూ బిగించి, గుండ్రటి భూమి మీద దగ్గరి దారి అదేనని చూపించబోయాను. అమెరికా దగ్గర సున్నుండ విరిగింది. కూతురి పురిటికి వెళ్తున్న పక్క సీటు పిన్నిగారు ఆ ముక్కలు తినేశారు. అమ్మ మాత్రం ముట్టలేదు.

గంటకోసారి "ఇప్పుడు ఏ వారం?" అని అడిగేది. సూర్యుడి వెంటే పడమరకు పోతున్నాం కదా, బయట పొద్దు వాలదు. చివరికి నా చేతి గడియారంలో ఖమ్మం టైము పన్నెండు దాటింది. "ఆదివారం వచ్చిందమ్మా" అన్నాను. రెండు సున్నుండలు తృప్తిగా తింది.

దిగాక పాస్‌పోర్టుల వరుస, పెట్టెలు, కారు. అక్క ఇంటికి చేరేసరికి సాయంత్రం అయిదు. ఖమ్మం గడప నుంచి లెక్కిస్తే 33న్నర గంటలు. మీ ప్రశ్నకు నా జవాబు అదే. తలుపు తీసిన మేనకోడలిని అమ్మ, "ఆదివారం కూడా ఆ పుస్తకాలేమిటే?" అంది.

"ఇవాళ శనివారం అమ్మమ్మా!"

రెండు ఊళ్లకూ పదకొండున్నర గంటల తేడా. అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి ఆ శనివారం 35న్నర గంటలు సాగింది. అమ్మ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆ రాత్రి కూడా పండు, పాలే. అక్క వండిన గుత్తివంకాయ ఫ్రిజ్‌లోకి వెళ్లింది.