చారుకు పనికొచ్చే రామములక్కాయ (టమాటా) ఏది?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నాలుగేళ్లుగా పెరట్లో హైబ్రిడ్ టమాటా నారు తెచ్చి వేస్తున్నాను. కాయలు ఎర్రగా, గట్టిగా, విరగ కాస్తాయి కానీ చారు పెడితే పులుపే ఉండదు, చింతపండు పిసకాల్సిందే. మా అమ్మమ్మ పెరట్లో గీతలు గీతలుగా కాసే రామములక్కాయ రుచి మళ్లీ ఎలా వస్తుంది? నిరుడు రెండు మొక్కలు పచ్చగా ఉండగానే వాలిపోయాయి కూడా.

జవాబు: అమ్మా, ఈసారి ఒక కాయని అడ్డంగా కోసి చూడండి. గింజల చుట్టూ జారుడుగా జిగురు ఉంటుందే, పులుపు ఎక్కువగా ఉండేది అందులోనే. లారీలో నలగకుండా దూరం వెళ్లాలని తయారు చేసిన రకాల్లో కండ మందంగా, జిగురు తక్కువగా ఉంటుంది, అందుకే మీ చారు చప్పగా ఉంటోంది. ఉదాహరణకి అర్క రక్షక్ అనే హైబ్రిడ్ రకం చూడండి, కాయ 90-100 గ్రాములు తూగుతుంది, రెండు వారాలు నిలవుంటుంది, మూడు తెగుళ్లని తట్టుకుంటుంది. అమ్ముకునే రైతుకి అది బంగారమే, కానీ మీరు అమ్మట్లేదు కదా.

ఇంకో సంగతి. పాత రకాల్లో పచ్చికాయ తొడిమ చుట్టూ ముదురాకుపచ్చ ఉండేది. కాయంతా ఒకేలా ఎర్రబడాలని దాన్ని పోగొట్టారు, దాంతో కాయ తనంతట తాను చక్కెర తయారు చేసుకునే శక్తి కొంత తగ్గిందని 2012లో శాస్త్రవేత్తలు తేల్చారు. కాబట్టి తొడిమ దగ్గర పచ్చగా ఉన్న కాయని చూసి మొహం తిప్పుకోకండి.

ఇక రకాలు. ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్ల పూసా రూబీ వేయండి, కాయ చిన్నది, కాస్త నొక్కినట్టు గీతలతో ఉంటుంది, పులుపు బాగుంటుంది, తీగలా సాగుతుంది కాబట్టి కర్ర కట్టాలి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క వికాస్ కూరకి బాగుంటుంది. నన్నడిగితే వీటికన్నా ముందు మీ సంతకే వెళ్లమంటాను. అక్కడ ఒడియా అమ్మలు బిలాతి బైగణొ అని కుప్పలు పోసి అమ్మే చిన్న నాటుకాయ ఉంటే ఒకటి అక్కడే కొరికి చూడండి. పుల్లగా, ఘాటైన వాసనతో ఉంటే అదే మీ అమ్మమ్మ కాయకి దగ్గర చుట్టం.

వాలిపోయిన మొక్కల గురించి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఈసారి అలా జరిగితే కాండం మొదలు దగ్గర కోసి, గ్లాసు నీళ్లలో ముంచి పట్టుకోండి, కాసేపటికి పాలదారంలా తెల్లగా కిందికి జారితే అది బాక్టీరియా ఎండు తెగులు. మందు కొట్టి లాభం లేదు. ఆ మట్టిలో రెండు మూడేళ్లు టమాటా, వంకాయ, మిరప ఏదీ వేయకండి, మొక్కజొన్న వేసుకోవచ్చు. అదే మడి తప్ప వేరే చోటు లేకపోతే భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల ఉత్కళ్ పల్లవి, ఉత్కళ్ దీప్తి ఈ తెగులుని తట్టుకుంటాయి, కృషి విజ్ఞాన కేంద్రంలో విత్తనం అడగండి. లేదా కొత్త మట్టితో పెద్ద కుండీ పెట్టుకోండి.

దసరా వెళ్లాక నారు పోసి, నెల మొక్క నాటితే సంక్రాంతి దాటాక కాపు. ఎండలు ముదిరితే పూత రాలిపోతుంది, ఆలస్యం చేయొద్దు. కాయ రంగు తిరిగాక నీళ్లు కాస్త తగ్గించండి, రుచి చిక్కబడుతుంది, కానీ పూర్తిగా ఎండబెట్టి ఒక్కసారిగా పోస్తే కాయ పగులుతుంది. పండినవి ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చలికి వాసన చచ్చిపోతుంది.

నాటు రకమో, పూసా రూబీయో నచ్చితే విత్తనం మళ్లీ కొనక్కర్లేదు. (హైబ్రిడ్ గింజ దాస్తే తల్లిలా కాయదు.) బాగా పండిన కాయ గుజ్జుని గిన్నెలో రెండు రోజులు ఉంచితే పైన తెట్టు కడుతుంది, వాసనకి కంగారు పడకండి, కడిగితే మునిగిన గింజలు మిగులుతాయి. వాటిని పళ్లెంలో నీడన ఆరబెట్టండి, పేపరు మీద వేస్తే అతుక్కుపోయి ఊడిరావు.