చెత్త కవర్‌కి ముడి వేయడం మానేశాం, మాకు అక్కడే మొదలైంది

"సిటీలో అపార్ట్‌మెంట్‌లో ఉంటూ, ఇద్దరం ఉద్యోగాలు చేసుకుంటూ, మూగజీవాల కోసం పర్యావరణం కోసం రోజూ నిజంగా చేయగలిగేది ఏమైనా ఉందా, డొనేషన్లు కాకుండా చెప్పండి" అని అడిగారు కదా. ఉందండి. నా అనుభవమే చెప్తాను, కొంచెం పొడుగ్గా ఉంటది, ఓపిక చేసుకుని చదవండి.

మేం ఉండేది హైదరాబాద్‌లో మల్కాజిగిరి వైపు, ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. కొన్నేళ్ల క్రితం దాకా నేను కూడా కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, పాల ప్యాకెట్లు అన్నీ ఒకే క్యారీ బ్యాగ్‌లో వేసి, వాసన రాకుండా రెండు ముళ్లు గట్టిగా వేసి, పొద్దున ఆఫీసుకి పోతూ గల్లీ చివర కుప్ప దగ్గర పెట్టి పోయేదాన్ని. చెత్త ఆటో వచ్చే టైమ్‌కి మేం ఇంట్లో ఉండం కాబట్టి అదే అలవాటైపోయింది. రోడ్డు మీద పారబోయకుండా నీట్‌గా కట్టి పెడుతున్నా కదా అనుకునేదాన్ని.

మా గల్లీలో ఒక తెల్లావు తిరిగేది, నుదుటి మీద గోధుమరంగు మచ్చ. ఒకరోజు బస్సు కోసం నిలబడి ఉంటే కుప్ప దగ్గర కనిపించింది. కవర్‌ని మూతితో అటూ ఇటూ తోసింది, లోపల పప్పన్నం వాసన తగిలినట్టుంది, ముడి దగ్గర నాలుక పెట్టి రెండుసార్లు లాగింది, రాలేదు. ఇక మొత్తం కవర్‌నే నోట్లోకి తీసుకుంది. కాసేపు దాని చెవులు రెండూ, అంటే కవర్ పట్టుకునే చెవులు, పెదవి పక్కన తెల్లగా వేలాడాయి, తర్వాత అవి కూడా లోపలికి పోయాయి. ఆవుకి పై దవడ ముందు భాగంలో పళ్లుండవు, నాలుకతో చుట్టి లాక్కుని పెద్దగా నమలకుండానే మింగేస్తది, నెమరేసుకోవడం తర్వాత తీరిగ్గా. అన్నం వేరు, కవర్ వేరు అని నోట్లో ఏరుకోవడం దానికి రాదు. ఇది నాకు ఆ రోజు తెలీదు, తర్వాత డాక్టర్ చెప్తే తెలిసింది.

రెండు మూడు నెలలకి అదే ఆవు ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పడుకుని లేవట్లేదు. ఎముకలు తేలిపోయి సన్నగా ఉంది, కానీ ఎడమ పక్క పొట్ట మాత్రం డప్పులాగా ఉబ్బి ఉంది. ఆవు గల పాలాయన పశువుల డాక్టర్‌ని పిలిపించాడు, ఆపరేషన్ చేయాలన్నారు, నాకు ఆ రోజు సెలవు కాబట్టి నేనూ పోయాను. ఎడమ డొక్క కోసి, డాక్టర్ భుజం దాకా గ్లవుజు వేసుకుని చెయ్యి లోపల పెట్టి తీస్తుంటే కవర్లు ఒక్కొక్కటిగా రాలేదండి, ఒకదానికొకటి పేనుకుపోయి తాడులాగా వచ్చాయి, మధ్యలో పాల ప్యాకెట్లు, వాటి మీద అక్షరాలు ఇంకా చదవడానికి వస్తున్నాయి. ఆ ముద్దలో ఒక కవర్ ఉంది, రెండు ముళ్లు వేసింది, ఊడలేదు. అది నేను కట్టిందే అనట్లేదు, ఎవరిదైనా కావచ్చు. కానీ ఆ ముడి అట్లనే ఉంది.

ఆవు పొట్టలో నాలుగు గదులుంటాయి, మొదటిది అన్నిటికంటే పెద్దది, ప్లాస్టిక్ అందులోనే ఉండిపోతది, అరగదు, పేడలో బయటికీ పోదు అని చెప్పారు. లోపల జాగా నిండిపోతే ఆవుకి ఆకలి వేయదు, గ్యాస్ బయటికి రాదు, పొట్ట నిండుగా కనబడుతుంటే అది చిక్కి చిక్కి పోతది. మా తెల్లావు అదృష్టం బాగుండి బతికింది, పాలాయన దాన్ని వాళ్ల ఊరికి తోలేశాడు.

తర్వాత వారమే మా అత్తమ్మ ఊరి నుంచి వచ్చింది, సూర్యాపేట దగ్గర మా ఊరు. నేను సింక్ దగ్గర తొక్కలు కవర్‌లో వేస్తుంటే చూసి, "గా తొక్కలు కవర్ల ఎందుకు కడుతున్నవ్ బిడ్డా, కవర్ల కడితే బర్రె ఎట్ల తింటది?" అంది. ఊళ్లో వాకిట్లో కుడితి గోలెం ఉంటది కదా, బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తొక్కలు, మిగిలిన అన్నం అన్నీ అందులోకే, సాయంత్రం బర్రె తాగేస్తది, పారేయడం అన్న మాటే లేదు. సిటీకి వచ్చాక మన దగ్గర తొక్కలు అవే, అన్నం అదే, మధ్యలో కవర్ ఒక్కటి వచ్చి చేరింది. అత్తమ్మ మాట విన్నాక నాకు జంతువుల సంగతి వేరు, చెత్త సంగతి వేరు అనిపించలేదు, రెండూ ఒకటే.

అప్పట్నుంచి మా వంటింట్లో తడి చెత్తకి మూత ఉన్న స్టీల్ డబ్బా, అడుగున న్యూస్‌పేపర్ అంతే. కవర్ లేదు. పాల ప్యాకెట్లు కత్తిరించేటప్పుడు మూల ముక్క ఊడిపోకుండా సగం దాకే కత్తిరించి, కడిగి, ఆరబెట్టి పొడి చెత్తలో వేస్తాం. బ్లేడ్లు, డైపర్లు, ట్యూబ్‌లైట్లు, గడువు అయిపోయిన మందులు ఈ రెండింటిలో దేన్లోనూ కలపం. ఇది నా సొంత కవిత్వం కాదు, ఇంట్లోనే వేరు చేసి ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నియమాల్లోనే చెప్పారు. 2015లో జీహెచ్ఎంసీ, అంటే హైదరాబాద్ నగరపాలక సంస్థ, ఇంటింటికీ పచ్చ డబ్బా, నీలం డబ్బా పంచింది గుర్తుందా, మా బిల్డింగ్‌లో అడిగితే సగం మంది వాటిలో బియ్యం పోసుకున్నారు, వాళ్లని తప్పు పట్టను, ఎందుకు ఇచ్చారో కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు.

ఆటో టైమ్ మాకు కుదరదు కాబట్టి వాచ్‌మన్ భార్యతో మాట్లాడి ఫ్లాట్‌కి ఇంత అని నెలకి ఇచ్చి, ఆమె డబ్బాలు కిందికి తీసుకెళ్లి ఆటోలో పోసేలా పెట్టుకున్నాం. మొదట ఆరు ఫ్లాట్లే ఒప్పుకున్నాయి. మిగతావాళ్లు రావడానికి ఏడాదిన్నర పట్టింది, అది కూడా నేను లెక్చర్ ఇచ్చినందుకు కాదు, ఆ ఆరు ఫ్లాట్ల వాళ్లకి కారిడార్‌లో వాసన రాకపోవడం చూసి.

కంపోస్ట్ గురించి కూడా చెప్తా. ఇరవై లీటర్ల పాత పెయింట్ బకెట్‌ని బాగా కడిగి, పక్కల చుట్టూ, అడుగున వేడి చేసిన మేకుతో చిల్లులు పెట్టాం. అడుగున ఎండుటాకులు, పైన తొక్కలు, మళ్లీ ఆకులు, మొదట్లో ఒక గ్లాసు పుల్ల మజ్జిగ. మొదటి బకెట్ పాడు చేశాను. సాంబారు, మిగిలిన కూర, అన్నీ పోసి ఆకులు తక్కువ వేశా, నీళ్లు ఊరి వాసన, తెల్ల పురుగులు, పైఫ్లోర్ ఆంటీ వచ్చి అడిగారు ఏంటమ్మా ఇది అని. గాలి ఆడకపోతే కుళ్లుతది, గాలి ఆడితే మగ్గుతది, తేడా అంతే. ఒక గుప్పెడు తొక్కలకి రెండు గుప్పెళ్ల ఎండుటాకులు లెక్క పెట్టుకోండి, నూనె కూరలు, మాంసం వేయకండి, వారానికి రెండుసార్లు కలపండి. రెండు నెలలకి నల్లగా, వాన పడ్డ మట్టి వాసనతో వస్తది. ఇప్పుడు మా మిద్దెతోటలో గోంగూర, తోటకూర దాని మీదే.

ఎండుటాకులు ఎక్కడివి అంటారా, మా రోడ్డు ఊడ్చే అక్క చలికాలం పొద్దున్నే ఆకులు కుప్ప చేసి తగలబెట్టేది, ఆ పొగలోనే ఆమె నిలబడి దగ్గుతూ ఉండేది. బియ్యం సంచులు ఇచ్చి, ఆకులు వీటిలో నింపి మాకివ్వు అక్కా అని అడిగాం. మా పక్క కాల్చడం ఆగింది.

ఇక కుక్కల సంగతి. చాలామంది అన్నం పెట్టడమే జంతు ప్రేమ అనుకుంటారు, నేను ఒప్పుకోను. తిండి దొరికే చోటే కుక్కలు గుంపు కడతాయి, మా గల్లీ చివర కుప్ప ఉన్నన్నాళ్లూ రాత్రి పదకొండు తర్వాత అక్కడ కొట్లాటలే, బైకుల వెంట పడేవి. కుప్ప తగ్గాక గుంపు కూడా తగ్గింది, అది కళ్లారా చూశాం. మిగిలిన నాలుగు కుక్కలకి జీహెచ్ఎంసీ హెల్ప్‌లైన్ 040 21111111కి ఫోన్ చేసి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించాం, ఒకసారి ఫోన్ చేస్తే అవలేదు, చాలాసార్లు చేయాల్సి వచ్చింది. తీసుకెళ్లి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, చెవి మీద గుర్తుగా చిన్నగా కత్తిరించి, మళ్లీ అదే గల్లీలో వదిలారు.

అప్పుడు మీటింగ్‌లో పెద్ద గొడవ అయింది. మళ్లీ ఇక్కడెందుకు వదిలారు, ఎక్కడన్నా దూరంగా వదలొచ్చు కదా అని మూడో ఫ్లోర్ అంకుల్ గట్టిగానే అడిగారు, వాళ్ల మనవడికి ఆరేళ్లు, కుక్కని చూస్తే వణికిపోతాడు, ఆయన భయంలో న్యాయం ఉంది. వీధికుక్కల ఆపరేషన్ల మీద కేంద్రం పెట్టిన 2023 నియమాల ప్రకారం ఎక్కడ పట్టుకున్నారో అక్కడే వదలాలి, 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రేబిస్ ఉన్నవి, మీద పడి కరిచేవి తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా అయ్యాక ఉన్న చోటే వదలమంది, తిండి మాత్రం కేటాయించిన చోటే పెట్టాలని కూడా అంది. కానీ రూల్ చదివి వినిపిస్తే ఎవరికీ భయం పోదు కదా. ఉన్నవాటిని తీసేస్తే ఆ జాగాలోకి పక్క గల్లీవి వస్తాయి, వాటికి టీకా ఉండదు, ఆపరేషన్ ఉండదు అని చెప్తే అంకుల్ ఆలోచించారు. గేటు దగ్గర, సెల్లార్‌లో పెట్టడం మానేసి, వెనక ఖాళీ ప్లాట్ గోడ పక్కన, పిల్లలు ఆడుకోవడం అయిపోయాక రాత్రి పదింటికి పెడతామని మేం ఒప్పుకున్నాం, తిన్న తర్వాత గిన్నెలు తీసి కడగడం కూడా మాదే. ఎక్కువగా పెరుగన్నమే పెడతాం. ఉడికించిన చికెన్ ఎముకలు పెట్టకండి, చీలి గొంతులో పేగుల్లో గుచ్చుకుంటాయి.

ఒకటి మాత్రం ఎంత ప్రేమ ఉన్నా మర్చిపోకండి, కరిచినా, గీరినా, పంపు కింద ధారగా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు టీకాకి పోవాలి. పసుపు, కారం, సున్నం రాయకూడదు. హైదరాబాద్‌లో అయితే ఈ టీకాకి నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) అందరికీ తెలుసు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు, అందుకే మన పెంపుడు కుక్కయినా సరే చూద్దాంలే అనొద్దు.

నీళ్ల గిన్నెల గురించి రెండు మాటలు. ఎండాకాలం మట్టి మూకుడు నీడలో పెట్టండి, రోజూ నీళ్లు పారబోసి పీచుతో రుద్ది మళ్లీ పోయండి, డెంగ్యూ దోమ గుడ్లు గిన్నె గోడకి అంటుకుని ఉంటాయి, నీళ్లు మారిస్తే సరిపోదు. పావురాలకి జొన్నలు చల్లడం మాత్రం నాకిష్టం లేదు, వాటి రెట్ట వల్ల ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. సంక్రాంతికి మా బిల్డింగ్ పిల్లలందరికీ నూలు దారం మేమే కొనిస్తాం, నైలాన్ మాంజాని 2017లోనే ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) నిషేధించినా ఇంకా దొరుకుతుంది, పండగ అయ్యాక టెర్రస్ మీద, చెట్ల మీద మిగిలిన దారం మొత్తం చుట్టి తీసేస్తాం, పోయినసారి వేపచెట్టు కొమ్మకి చిక్కుకున్న గద్దని రెక్క తెగకుండా విడిపించడానికి గంట పట్టింది.

మీరిద్దరూ ఉద్యోగాలే అన్నారు కాబట్టి అన్నీ ఒకేసారి పెట్టుకోకండి, రేపు పొద్దున తడి చెత్త కవర్‌లో కట్టకుండా డబ్బాలో ఇవ్వడం ఒక్కటి చూడండి. గల్లీ చివర కుప్ప ఉండే చోట ఇప్పుడు ఊడ్చే అక్క రోజూ ముగ్గు వేస్తది, ముగ్గు మీద చెత్త వేయడానికి ఎవరికీ చెయ్యి రావట్లేదు. మీ బిల్డింగ్‌లో ఎన్ని ఫ్లాట్లో, ఆటో ఎన్నింటికి వస్తదో రాయండి, డబ్బా కిందికి ఎవరు తేవాలన్న దాని దగ్గరే అందరూ ఆగిపోతారు, మేం దాన్ని ఎట్లా కుదుర్చుకున్నామో లెక్కతో సహా చెప్తా.