సౌండు పోయిందని సిస్టమ్ మళ్లీ ఎక్కించకు

పర్లాకిమిడి,
ఆదివారం

చిరంజీవి చిన్నాకి,

కంప్యూటర్‌లో సౌండు పోయింది, తెర నల్లబడింది, అందుకని దాన్ని నడిపే సిస్టమ్ లినక్స్ మింట్‌ని మొదటినుంచి ఎక్కించేస్తానని రాత్రి ఫోన్‌లో అన్నావు. ఆ పని మాత్రం చెయ్యకు. రాయగడ షాపులో సగం కంపోజైన శుభలేఖలు, తెలుగువీ ఒరియావీ, ఆ డిస్కులోనే ఉన్నాయి కదా. నేనూ ఒకసారి సౌండు రావట్లేదని కోపంకొద్దీ మొత్తం చెరిపేసి మళ్లీ ఎక్కించాను. అప్పుడూ రాలేదు. తీరా చూస్తే స్పీకర్ పిన్ను మైకు కన్నంలో ఉంది! మీ అత్త ఇప్పటికీ నవ్వుతుంది.

ముందు తెర సంగతి చూడు. ఎన్విడియా డ్రైవర్, అంటే తెరమీద బొమ్మ చూపించే కార్డుని నడిపే ప్రోగ్రామ్, మార్చాకే నల్లబడిందన్నావు కాబట్టి మానిటర్‌ని అనుమానించకు. ఆన్ చెయ్యగానే షిఫ్ట్ నొక్కి ఉంచు, ఎలా మొదలవ్వాలో అడిగే గ్రబ్ మెనూ వస్తుంది. కొత్త మిషన్లయితే ఎస్కేప్ నొక్కాలి, నీది పాతదే. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయలాంటిది) ఎంచుకో. దానితోనూ తెర రాకపోతే అదే మెనూలో 'ఇ' నొక్కు. లినక్స్ అనే మాటతో మొదలయ్యే లైను చివర ఖాళీ వదిలి నోమోడ్‌సెట్ (nomodeset) అని చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి కొట్టి ఎఫ్10 నొక్కు. తెర వస్తుంది గానీ బొమ్మ మొరటుగా ఉంటుంది. కంగారు పడకు, అది ఆ ఒక్కసారికే. లోపలికి వెళ్లాక డ్రైవర్ మేనేజర్‌లో రికమెండెడ్ అని ఉన్నదే పెట్టు. పెద్ద నంబర్ కదా మంచిదేమో అనుకోకు. పాత కార్డుల్ని కొత్త డ్రైవర్లు వదిలేస్తాయి. కెప్లర్ అనే పాత తరం ఎన్విడియా కార్డులకి 470 సిరీసే చివరిది. డ్రైవర్ ముట్టుకునే ముందు టైమ్‌షిఫ్ట్‌లో ఒక స్నాప్‌షాట్ (చెడితే వెనక్కి వెళ్లడానికి ఒక నకలు) తీసుకో. మామూలుగా అది సిస్టమ్ ఫైళ్లనే దాస్తుంది. శుభలేఖలు వేరే పెన్‌డ్రైవ్‌లోకి నువ్వే ఎక్కించుకోవాలి.

ఇక సౌండు. కొత్త మానిటర్‌ని హెచ్‌డీఎమ్‌ఐ వైరుతో కలిపిన రోజే పోయిందన్నావు చూడు, నాకు అసలు అనుమానం అక్కడే. ఆ వైరు బొమ్మతోపాటు శబ్దాన్నీ మోస్తుంది. సిస్టమ్ సౌండంతా మానిటర్‌కి పంపిస్తోంది, దానికేమో స్పీకర్లు లేవు. సౌండ్ సెట్టింగ్స్‌లో ఔట్‌పుట్ దగ్గర హెచ్‌డీఎమ్‌ఐ తీసి అనలాగ్ స్టీరియో పెట్టు. నూటికి తొంభైసార్లు ఇదే అని పందెం కాస్తాను.

కాకపోతే టెర్మినల్‌లో, అంటే ఆజ్ఞలు టైపు చేసే కిటికీలో, ఆల్సామిక్సర్ (alsamixer) అని కొట్టు. ఎఫ్6 నొక్కి నీ సౌండ్ కార్డు ఎంచుకో. నిలువు పట్టీల కింద రెండు 'ఎమ్'లు కనిపిస్తే అది మ్యూట్‌లో ఉన్నట్టు. బాణం మీటతో అక్కడికి వెళ్లి 'ఎమ్' నొక్కితే తెరుచుకుంటుంది. మాస్టర్ ఒక్కటే చూసి వదిలెయ్యకు, హెడ్‌ఫోన్, ఫ్రంట్, స్పీకర్ కూడా చూడు. ఆటో-మ్యూట్ ఉంటే అది కూడా ఆపి చూడు, ముందువైపు జాక్ వదులైతే హెడ్‌ఫోన్ ఉన్నట్టే లెక్కేసి స్పీకర్ నోరు నొక్కేస్తుంది.

ఒక మార్పు చెయ్యి, పరీక్షించు, పాత లెక్కల పుస్తకం వెనక రాసుకో. మొన్న ఒకేసారి నాలుగు మార్చావు, ఏది ఏం చెడగొట్టిందో నీకే తెలియలేదు.

ఆగిపోతే తెరమీద చివరి లైను ఫొటో తీసి పంపు. ఫోన్‌లో చదివి వినిపించకు. పోయినసారి నువ్వు 'ఎన్' అంటే నేను 'ఎమ్' అని విని గంట పాడుచేసుకున్నాం. అక్కని అడిగానని చెప్పు.

మీ మావయ్య