కంప్యూటర్ సందేహాలు: నోట్సు కంప్రెస్ చేస్తే ‘ఎక్స్’ ఒక్కటే మిగిలింది!

ప్రశ్న: నమస్కారమండి, మాది పాలకొల్లు దగ్గర. చుట్టుపక్కల రొయ్యల రైతుల కోసం పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న వెబ్ అప్లికేషన్ రాశాను. చెరువు నంబరు, తేదీ, సెలినిటీ (నీటి ఉప్పదనం), మేత, వాటితోపాటు రైతు తెలుగులో రాసే నోట్సు అందులో ఉంటాయి. హోస్టింగులో చోటు చాలక నోట్సును జీజెడ్‌కంప్రెస్ అనే ఫంక్షన్‌తో కుదించి మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో దాస్తున్నాను. తీరా టేబుల్ తెరిచి చూస్తే ఆ గడిలో ‘ఎక్స్’ అనే ఇంగ్లిష్ అక్షరం తప్ప ఏమీ లేదు. దాన్ని తిరిగి విప్పాల్సిన జీజెడ్‌అన్‌కంప్రెస్ ‘ఫాల్స్’ (విఫలం) అని ఇస్తోంది. ఫంక్షన్ మార్చాలా?
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఫంక్షన్ జోలికి వెళ్లకండి, కాలమ్ రకం మార్చండి. మీ నోట్సు కాలమ్ టెక్స్ట్ రకం, యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) అయ్యుంటుంది. కంప్రెస్ అయ్యాక వచ్చేది అక్షరాలు కాదండీ, బైనరీ. జీజెడ్‌కంప్రెస్ మామూలు లెవెల్‌లో ఇచ్చే మొదటి రెండు బైట్లు హెక్స్ లెక్కలో 78, 9సీ. 78 అంటే ‘ఎక్స్’, దాన్ని మైఎస్‌క్యూఎల్ తీసుకుంటుంది. ఆ వెంటనే వచ్చే 9సీ యూటీఎఫ్-8లో అక్కడ చెల్లదు కాబట్టి, స్ట్రిక్ట్ మోడ్ అనే సెట్టింగు లేకపోతే ఒక వార్నింగ్ పడేసి మిగతాదంతా కోసేస్తుంది. స్ట్రిక్ట్ మోడ్ ఉంటే ఎర్రర్ ఇచ్చి ఆపేది, అదే మేలు, ఆన్ చేసుకోండి. కాలమ్‌ను బ్లాబ్ (బైనరీని ఉన్నదున్నట్టు దాచే రకం) చేస్తే సమస్య పోతుంది. బేస్64 (బైనరీని మామూలు అక్షరాలుగా మార్చే పద్ధతి) పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, ప్రతి 3 బైట్లూ 4 అవుతాయి, మిగిల్చుకున్న చోటులో కొంత భాగం అక్కడే పోతుంది.

జీజెడ్‌డిఫ్లేట్, జీజెడ్‌ఎన్‌కోడ్ కూడా లోపల చేసే పని ఇదే, డిఫ్లేట్ అనే పద్ధతిలో కుదించడం. మొదటిది ఏ తొడుగూ (ముందూ వెనకా చేర్చే బైట్లు) లేకుండా ఇస్తుంది, రెండోది జీజిప్ ఫైల్ రూపంలో 18 బైట్లు అదనంగా చేర్చి ఇస్తుంది. జీజెడ్‌కంప్రెస్ 6 బైట్లే చేర్చినా అందులో 4 చెక్‌సమ్, డేటా పాడైతే అదే పట్టిస్తుంది. రైతు లెక్కలకు అది ఉండి తీరాలి.

అసలు తెలుగు చక్కగా కుదించుకుపోతుంది. ప్రతి అక్షరమూ, గుణింతపు గుర్తూ, పొల్లూ విడివిడిగా 3 బైట్లు. ఆ మూడింటిలో మొదటిది ఎప్పుడూ ఈ0, రెండోది బీ0 లేదా బీ1 మాత్రమే. అయితే చిన్న ముక్కల మీద లాభం రాదు. ‘రొయ్య’ అన్న మాట 15 బైట్లు, కంప్రెస్ చేస్తే 20 దాటిపోతుంది! రోజువారీ నోట్సు రెండు ముక్కలే అయితే అలాగే ఉంచేయండి. పట్టుబడి అయిపోయిన చెరువుకు ఆ పంట నోట్సు మొత్తం కలిపి ఒకేసారి కంప్రెస్ చేయండి. డిఫ్లేట్ వెనక్కి 32 కేబీ దాకా చూసి, మళ్లీ మళ్లీ వచ్చే మాటలను కుదిస్తుంది, ‘మేత తగ్గించాం’, ‘నీళ్లు మార్చాం’ లాంటివి ఎన్నిసార్లు వస్తే అంత లాభం.

నోట్సును జేసన్ (డేటాను టెక్స్ట్‌గా రాసే పద్ధతి) రూపంలో కలిపేటప్పుడు అన్‌ఎస్కేప్డ్ యూనికోడ్ ఆప్షన్ ఇవ్వడం మరవకండి, లేకుంటే 3 బైట్ల అక్షరం కాస్తా 6 అవుతుంది. చెరువు నంబరు, తేదీ మాత్రం విడి కాలమ్‌లలోనే ఉండాలి, కంప్రెస్ చేసిన దాంట్లో ‘లైక్’ అనే వెతుకులాట ఆదేశంతో వెతకడం కుదరదు.

ఇప్పటికే ‘ఎక్స్’ మాత్రమే మిగిలిన రికార్డులు తిరిగి రావండీ. పాత బ్యాకప్ ఉంటే అందులోంచి, లేదంటే రైతుల దగ్గరున్న చెరువు పుస్తకాల్లోంచి మళ్లీ ఎక్కించాల్సిందే.