కార్మికులు లిబరల్స్‌కి ఎందుకు ఓటేశారు?

ప్రశ్న: సార్, యూనియన్ల చరిత్ర చదువుతుంటే ఒక డౌట్ వచ్చింది. ఫ్యాక్టరీలు ముందు వచ్చింది బ్రిటన్‌లోనే, మార్క్స్ కూర్చుని రాసిందీ లండన్‌లోనే, మరి అక్కడి కార్మికులు ఏళ్ల తరబడి, ఫ్యాక్టరీ యజమానులు కూడా ఉన్న లిబరల్ పార్టీకి ఓటేయడమేంటి? మోసపోయారా?

జవాబు: మోసపోయారంటే నాకు మింగుడుపడదండీ, వాళ్ల లెక్కలు వాళ్లకున్నాయి. ఉత్తర ఇంగ్లాండులోని డర్హమ్ బొగ్గు గనుల సంగతే చూడండి. రోజుకి ఎనిమిది గంటలే పని అని చట్టం తెమ్మని మిగతా చోట్ల గని కార్మికులు గొంతు చించుకుంటుంటే డర్హమ్, దాని పక్కనున్న నార్తంబర్లాండ్ యూనియన్లు మాత్రం వద్దంటే వద్దన్నాయి! ఎందుకంటే అక్కడ బొగ్గు కొట్టేవాళ్లు రెండు షిఫ్టుల్లో దిగేవాళ్లు, ఒక్కొక్కరికి ఏడు గంటలు అటూఇటూగా పని, బొగ్గు టబ్బులు తోసే కుర్రాళ్లకి మాత్రం ఆ రెండింటికీ కలిపి ఒకటే షిఫ్టు, అదీ పది గంటలు. కుర్రాళ్లకి ఎనిమిది అంటే పెద్దవాళ్ల షిఫ్టులన్నీ తారుమారు. అందుకే పని గంటల్లో ప్రభుత్వం వేలు పెట్టకూడదన్న లిబరల్ ధోరణి వాళ్లకి సరిపోయింది. కుర్రాళ్లకి అన్యాయమే, కాదనను, కానీ అందులో మోసపోవడం ఎక్కడుంది?

దీనికి తోడు చర్చి. మెథడిస్టులనే ప్రొటెస్టంట్ క్రైస్తవుల్లో ప్రిమిటివ్ అనే శాఖలో మామూలు కూలీ కూడా ఆదివారం లేచి ప్రసంగం చేయొచ్చు, చందాల లెక్కలు చూడొచ్చు, యూనియన్ లీడర్లు చాలామంది అలా తయారైనవాళ్లే. థామస్ బర్ట్ అలాంటివాడు, పదేళ్లకే గనిలో దిగాడు, 1874లో పార్లమెంటుకెళ్లాడు, కూర్చుంది లిబరల్స్‌తోనే.

మరి మార్పెలా వచ్చింది అంటే, పుస్తకాల కన్నా కోర్టు వల్ల ఎక్కువ వచ్చిందంటాను నేను. వేల్స్‌లో టాఫ్ వేల్ రైల్వే సమ్మె జరిగింది, కంపెనీకి వచ్చిన నష్టం యూనియనే కట్టాలని 1901లో తీర్పొచ్చింది, చివరికి 23,000 పౌండ్లు పడ్డాయి. సమ్మె చేస్తే యూనియన్ ఫండ్ ఊడ్చుకుపోతుందని తెలిశాక, కార్మికుల తరఫున ఎంపీలని గెలిపించడానికి 1900లో పెట్టిన లేబర్ కమిటీని (తర్వాత లేబర్ పార్టీ అయింది ఇదే) అప్పటిదాకా పట్టించుకోని యూనియన్లు కూడా వరుసకట్టి చేరాయి, 1906కల్లా 29 సీట్లు. ఆ ఏడే ఒక పత్రిక కార్మిక ఎంపీలని మిమ్మల్ని ప్రభావితం చేసిన పుస్తకాలేవని అడిగితే ఇంగ్లీషు రచయిత రస్కిన్ అన్నవాళ్లు, బైబిల్ అన్నవాళ్లే ఎక్కువ, మార్క్స్ పేరు చెప్పింది ఏ కొద్దిమందో.

1909లో గని కార్మికుల ఫెడరేషన్ కూడా లేబర్‌లో చేరిపోయింది, తమ ఎంపీలందర్నీ కొత్త పార్టీ నియమాల మీద సంతకం పెట్టమంది. బర్ట్ పెట్టనన్నాడు, 1918లో పార్లమెంటు వదిలేదాకా లిబరల్‌గానే ఉండిపోయాడు.