డాక్టర్ రాసిన చికిత్సనే ఇన్సూరెన్స్ ‘అవసరం లేదు’ అని ఎలా అంటుంది?

డాక్టర్ రాయడం ఒక్కటే చాలదు. ‘వైద్యపరంగా అవసరమైన చికిత్స’కు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన నిర్వచనంలో అది నాలుగు షరతుల్లో ఒకటి మాత్రమే. ఆ జబ్బుకు చికిత్స కావాల్సిందై ఉండాలి, వైద్యులు సాధారణంగా ఒప్పుకునే పద్ధతిలో ఉండాలి, అవసరమైన మేరకు మించకూడదు. పేచీ వచ్చేది ఈ చివరిదాని దగ్గరే. ఉదాహరణకు, జ్వరంతో రెండు రోజులు అడ్మిట్ అయితే కేస్ షీట్‌లో రక్తపరీక్షలు, పారాసిటమాల్ మాత్రలే కనిపించాయనుకోండి. ఇది ఓపీలో అయిపోయే వైద్యమే కదా అంటారు. అదే ఆగని వాంతులు, పడిపోతున్న బీపీ, సెలైన్ ఎక్కించిన వేళలు నర్సు చార్టులో నమోదై ఉంటే మాట వేరు. 24 గంటలు బెడ్డు మీద ఉంటే డబ్బు వచ్చేస్తుందన్నది చాలామంది పడే పొరపాటు. ఆ లెక్క ఆసుపత్రిలో చేరినట్టు చూపడానికే, చేరాల్సిన అవసరాన్ని అది రుజువు చేయదు. క్లెయిమ్ తిరస్కరిస్తే, అడ్మిషన్ ఎందుకు తప్పలేదో వైద్యం చేసిన డాక్టర్‌తోనే రాయించి, చార్టు నకలుతో మళ్లీ పంపండి.