పాఠకుల ప్రశ్నలు: చేత్తో చేసే ఎయిర్ రైఫిల్ కుందా

ప్రశ్న: నా స్ప్రింగు ఎయిర్ రైఫిల్ కర్ర భాగం పిడి దగ్గర పగిలింది. కొత్తది నేనే చేసుకుందామని ఉంది. రంపం, ఉలి పట్టడం వచ్చు కానీ ఇలాంటి పని ఎప్పుడూ చేయలేదు. ఏ చెక్క కొనాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? (మల్కాజిగిరి)

జవాబు: 0.177 అంగుళాల బోరు, 20 జూళ్లకు మించని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు కాబట్టి నిశ్చింతగా పని మొదలుపెట్టండి. మందుగుండుతో పేలే తుపాకీ మరమ్మతు మాత్రం లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి.

కుందాకు, అంటే మీరన్న ఆ కర్ర భాగానికి, పేరున్న చెక్క అక్రోటు. కశ్మీరులో దొరుకుతుంది, ఇక్కడ వెతికి పట్టుకోవడం కష్టం. మొదటిసారికి టేకు చాలు. శీషం దిట్టమైనదే గాని బరువు, ఉలికి లొంగదు. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే టేకు ద్వారబంధం దొరికితే వదలకండి. ఏళ్ల తరబడి ఎండిన చెక్క అంత తేలిగ్గా వంకర తిరగదు. లోపల విరిగిన మేకులుంటాయి, అయస్కాంతంతో తడిమి చూశాకే రంపం పెట్టండి. డిపోలో కొత్తది కొంటే వారానికోసారి తూచండి. బరువు తగ్గడం ఆగేవరకు అది పచ్చిదే.

సుమారు 80 సెం.మీ. పొడవు, 18 సెం.మీ. వెడల్పు, 5 సెం.మీ. మందం ఉన్న దుంగ తీసుకోండి. అంతా చేవే ఉండాలి, అంచున తెల్లచెక్క పనికిరాదు. పాత కుందాను దాని మీద పెట్టి గీసేటప్పుడు చూడాల్సింది ఒక్కటే: పిడి సన్నబడేచోట చెక్క నార పొడవునా సాగాలి. అక్కడ నార అడ్డంగా తెగితే ఎంత బాగా చెక్కినా ఆ గీత వెంబడే చీలుతుంది. మీ పాత కర్రను పగిలినచోట ఒకసారి చూడండి, చాలావరకు కారణం అదే అయుంటుంది.

కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు ముందే బయటి ఆకారం చెక్కేయడం. అప్పుడు రైఫిల్ గొట్టం కూర్చునే లోపలి గాడికి ఆనవాలుగా తిన్నని ముఖం ఒక్కటీ మిగలదు. దుంగను నాలుగు వైపులా చిత్రిక పట్టి, చుట్టూ నడిమి గీత గీయండి. దుంగ చదరంగా ఉండగానే గాడి, మరల రంధ్రాలు పూర్తి చేయాలి. పక్క మరల రంధ్రాలను రెండు వైపుల నుంచీ తొలచండి. ఒకే వైపు నుంచి తొలిస్తే బర్మా వాలిపోయి అవతల గురి తప్పుతుంది.

రైఫిల్‌లో పెల్లెట్ లేదని, స్ప్రింగు బిగించి లేదని చూసుకున్నాకే విప్పండి. కుందా లేకుండా స్ప్రింగును బిగించవద్దు. బ్యారెల్ మడిచి ఉండగా ట్రిగ్గర్ జారితే బ్యారెల్ విసురుగా ఎగిరి వేళ్లు నలుగుతాయి.

గాడి వెడల్పుకు గొట్టాన్ని వెర్నియర్‌తో కొలవండి. వరసగా తొలిచి, గోడలను ఉలితో సరిచేయండి. టేకులోని సిలికా పదును తినేస్తుంది, తరచూ సాన పట్టాల్సిందే. ఇక అసలు పని: గొట్టానికి పల్చగా కాటుక పూసి గాడిలో నొక్కి తీయండి. నల్లగా అంటినచోటే కొంచెం గీకాలి, మళ్లీ నొక్కాలి. ముప్పై నలభై సార్లు పట్టినా విసుక్కోకండి, ఒక్క గీకు ఎక్కువైతే వెనక్కి తేలేం. మచ్చలు గాడంతా సమంగా పడ్డాక ఆపండి. బ్యారెల్ మడిచేటప్పుడు కదిలే కడ్డీకి కింద చీలిక కావాలి, కానీ ముందు భాగంలో పక్క గోడలు 6 మి.మీ. కంటే పల్చబడకూడదు. ట్రిగ్గర్‌కు ఎక్కడా చెక్క తగలరాదు. మరల తలల కింద కప్పు వాషర్లు వేయండి. లేకపోతే తల చెక్కలోకి దిగి, మర వదులై గురి మారిపోతుంది.

ఆ తరవాతే బయటి ఆకారం. రంపంతో అంచులు కోసి, ముతక ఆకురాయితో మలిచి, 80, 120, 180, 240 నంబర్ల గరుకు కాగితం వరసగా పట్టండి. చివర్లో తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే లేచిన నారను 240తో మరోసారి తీసేయవచ్చు.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. పెద్దవాళ్ల కుందా తనకు పొడవవుతోంది. ఎంత తగ్గించాలి? (అల్వాల్)

జవాబు: మోచేయి తొంభై డిగ్రీలు మడిచి, కుందా చివర మోచేతి మడతలో ఆనించమనండి. చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌కు అందితే కొలత సరిపోయినట్టే. పెద్దవాళ్లకు అది 33–35 సెం.మీ. దాకా వస్తుంది. పిల్లలు ఎదుగుతారు కాబట్టి పొట్టిగా కోసి, వెనక 1 సెం.మీ. చెక్క బిళ్లలు మరలతో కలపండి. ఏడాదికొకటి చొప్పున పెంచుకోవచ్చు. చెంప ఆనే ఎత్తును మాత్రం మొదట ఎక్కువే ఉంచి, కన్ను గురికి తిన్నగా వచ్చేదాకా కొంచెం కొంచెంగా దించండి.

ప్రశ్న: కుందాకు అవిసె నూనె పూసి రెండు వారాలైంది, ఇంకా జిగురుగానే ఉంది. (కూకట్‌పల్లి)

జవాబు: మీరు వాడింది పచ్చి నూనె అయుండాలి, లేదా మందంగా పూశారు. టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డతో తుడిచేయండి. పెయింట్ల దుకాణంలో డబుల్ బాయిల్డ్ అవిసె నూనె అని అడిగి, మొదటి పూత సగం టర్పెంటైన్ కలిపి రుద్దండి. పావుగంటకు మిగులు తుడవాలి. పూతకూ పూతకూ ఒక రోజు ఆపి, ఐదారు పూతలు వేయండి. గాడి లోపల, కుందా వెనక కోసిన ముఖం మీద కూడా పూయడం మరవద్దు. వానాకాలం తేమ అక్కడినుంచే ఎక్కి చెక్క ఉబ్బుతుంది. నూనె గుడ్డలను ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే వేడెక్కి మండవచ్చు. విప్పి ఆరుబయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.